శాలువా లేని ఫొటో

అబిడ్స్‌లోని ఒక కెమెరా షాపులో నాకొక స్టూలు ఉండేది. గన్‌ఫౌండ్రీలో మా బ్యాంకు పని ముగిశాక నడుచుకుంటూ అక్కడికి వెళ్లి కూర్చునేవాడిని. కొన్నేళ్లకు అది నా స్టూలు అయిపోయింది. షాపు యజమానిది తాతల కాలం నుంచి ఈ ఊళ్లోనే వ్యాపారం చేస్తున్న కుటుంబం. ఆయన నాకు చాయ్ తెప్పించేవాడు, నేను వచ్చినవాళ్లకు సలహాలిచ్చేవాడిని. కమిషన్ తీసుకునేవాడిని కాదు. తీసుకోవడం లేదని చాలాకాలం గర్వపడ్డాను కూడా. ఇప్పుడనిపిస్తుంది, తీసుకుని ఉంటే నా బుద్ధికి కనీసం ఒక కారణమైనా దొరికేదని.

ఆ షాపు వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది. పాత కెమెరాల పట్టు దగ్గర ఉండే రబ్బరు ఎండాకాలంలో మెత్తబడి జిగురుగా తయారవుతుంది. ఎవరెవరి చెమటో, ఏ పెళ్లి విందులో అంటిన నూనో అందులో ఇంకి ఉంటుంది. నేను వాటిని ముఖానికి ఆనించుకుని, లెన్సులోకి టార్చి వేసి, లోపల బూజు పట్టిందేమోనని వెతికేవాడిని. బూజు కనబడితే నాకు సంతోషం. చెప్పడానికి ఒక మాట దొరికేది.

పాట కచేరీల ఫొటోలకు ఏ కెమెరా కొనాలని అడిగేవాళ్లు తరచుగా వచ్చేవారు. చీకటి హాలు, దూరంగా వేదిక, ఫ్లాష్ వాడకూడదు. ముప్పై వేలలోపు ఉందన్నవాళ్లకు, లోపల అద్దం ఉండి నొక్కితే టక్కుమనే పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఏదైనా తీసుకుని దాని మీద వెలుతురును బాగా లోపలికి రానిచ్చే లెన్సు ఒకటి పెట్టుకోమనేవాడిని. ఆ మాట నిజమే. కచేరీ ఫొటోకు కెమెరా కన్నా లెన్సు ముఖ్యం. అక్కడితో ఆపితే మంచి మనిషినే అయ్యేవాడిని. కానీ వాళ్లు పర్సు తీసే సమయానికి, "జర పెంచితే మిర్రర్‌లెస్ వస్తది, చప్పుడుండదు" అనేవాడిని. అరవై వేలతో వచ్చినవాళ్లకు మిర్రర్‌లెస్ చూపించి, "జర పెంచితే ఫుల్ ఫ్రేమ్ వస్తది, చీకట్ల మచ్చలు రావు" అనేవాడిని. లక్షన్నరతో వచ్చినవాళ్లకు ఫుల్ ఫ్రేమ్ చేతిలో పెట్టి, పెద్ద జూమ్ లెన్సు లేకపోతే ఇది వృథా అని చెప్పేవాడిని. ఎవరు ఎంత తెచ్చినా, అది చాలదన్న దిగులు వాళ్ల ముఖంలో కనబడేదాకా నాకు తృప్తి ఉండేది కాదు. చాలామంది కొనుక్కునే వెళ్లేవారు. సరైనది కొన్నామన్న సంతోషంతో మాత్రం ఎవరూ నా ముందు నుంచి వెళ్లలేదు.

ఒక సాయంత్రం నలభై దాటిన ఒకావిడ వచ్చింది. చేతిలో గొడుగు, భుజాన బడి సంచి. ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచరు. సాయంత్రాలు కాచిగూడలోని తన ఇంట్లో పిల్లలకు పాట నేర్పుతుంది. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం గొడుగు మడిచి కౌంటరు మీద పెట్టి, నేరుగా విషయానికి వచ్చింది.

"కచ్చేరిల ఫొటో తీయాలన్నా. ఫ్లాష్ కొట్టొద్దు. జర దూరంకెల్లి రావాలె. గంతే."

యజమాని నా వైపు చెయ్యి చూపించాడు. "గీ సార్‌ని అడుగున్రి అమ్మా. నేను అమ్మెటోన్ని. సార్ చదువుకున్నోడు."

"ఏం చదివిన్రు?"

"కెమెరా డబ్బాల మీద రాసిందంత చదివిండు."

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. యజమాని చెప్పింది నిజమేనన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఎవరి కచేరీ అని అడిగాను. ఆవిడ ఫోన్ తీసి ఒక ముసలాయన ఫొటోలు చూపించింది. తనకు పాట నేర్పిన గురువట. మొదటి ఫొటోలో ఆయనకు ఎవరో నాయకుడు శాలువా కప్పుతున్నాడు. రెండో దాంట్లో ఇంకెవరో కప్పుతున్నారు. ఒకదాంట్లో మెడలో దండ, ఒకదాంట్లో చేతిలో జ్ఞాపిక. ఆవిడ వేలితో జరుపుతూ పోతూనే ఉంది. శాలువా రంగు మారుతోంది, పక్కన నిలబడ్డవాళ్లు మారుతున్నారు. ఆయన మాత్రం అన్నింట్లోనూ ఒకేలా, ఎవరో నిలబెడితే నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

"జిందగీ అంత పాడిండన్నా. ఒక్క ఫొటోల గూడ పాడుతలేడు."

అది మా ఊరి పద్ధతి. సభకు ఫొటోగ్రాఫర్లు వచ్చేది సన్మానం కోసం. వాళ్లను పిలిచే నిర్వాహకులకు కావలసింది కప్పే చేతులు, ఆ చేతుల యజమానుల ముఖాలు. శాలువా కప్పడం అయిపోగానే వాళ్లు లైట్లు మడుచుకుని ఇంకో ఫంక్షనుకు పోతారు. పాట మొదలయ్యేసరికి హాల్లో కెమెరా ఉండదు. గాయకులు ఉన్నంతకాలం ఆ ఫొటోలే ఫ్లెక్సీల మీదికి ఎక్కుతాయి, పోయాక ఆ ఫొటోలే పేపర్లో వస్తాయి. పక్కవాళ్లను కత్తిరించినా ఎవరివో నాలుగు వేళ్లు గాయకుడి భుజం మీద మిగిలిపోతాయి. అలాంటివి చూసి నేను చాలాసార్లు ఏవగించుకున్నాను. ఏవగించుకోవడం నాకు బాగా వచ్చిన విద్య.

"ఇంకొక్క కచ్చేరి చేస్తడంట, నాంపల్లిల," అంది ఆవిడ. "గొంతు బాగలేదు. పాడొద్దని డాక్టర్ చెప్పిండు. ఆఖరిది అని నోటితోని అంటలేడు గని నాకు తెలుసు. పాడంగ ఒక్క ఫొటో కావాలె. మంచిగ, ముఖం తెలిసేటట్టు. ఒక్కటి చాలు."

యాభై వేల దాకా పెట్టగలనంది. యజమాని లోపలికి వెళ్లి ఒక చిన్న మిర్రర్‌లెస్ తెచ్చాడు. ఎవరో ఏడాది వాడి ఇచ్చింది. దాని మీద దూరం నుంచి ముఖాలు తీసే ఎనభై ఐదు ఎం.ఎం. లెన్సు పెట్టి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ వీధి వైపు తిప్పి నొక్కింది. ఏ చప్పుడూ రాలేదు. "తీసిందా?" అని వెనక్కి తిప్పి చూసుకుంది. ఎదురుగా పండ్ల బండి మీది జామకాయలు తెర మీద నిగనిగలాడుతున్నాయి. ఆవిడ ముఖం విప్పారింది.

ఆవిడకు కావలసింది అదే. నాకు ఆ క్షణంలోనే తెలుసు.

నేను అప్పటికి కొద్ది రోజుల ముందే, అదే కంపెనీ మిర్రర్‌లెస్‌లలో అన్నింటికన్నా పెద్దది కొన్నాను. ఆ చిన్నదానికి నాలుగింతలు పెట్టాను. ఇంట్లో సగం ధరే చెప్పాను. ఒక మామూలు కచేరీ ఫొటోకు ఆ చిన్నది చేసే పనే నాది కూడా చేస్తుంది. ఆవిడ దాంతో మంచి ఫొటో తెస్తే, ఆ మిగతా డబ్బు నేను ఎందుకు పోసినట్టు? ఇంత ఆలోచన కూడా అప్పుడు మాటల్లో రాలేదు. లోపల ఏదో పులిసినట్టయింది, అంతే. ఆ పులుపులో నుంచే నా నోరు తెరుచుకుంది.

"అది వద్దమ్మా."

"ఎందుకన్నా? చప్పుడు లేదు గదా."

"చప్పుడు బంద్ చేసి తీస్తే ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో మీద చారలు పడతయి."

ఇదీ అబద్ధం కాదు. కొన్ని లైట్ల కింద అలా జరుగుతుంది. నేను చెప్పే మాటలన్నీ ఎక్కడో ఒకచోట నిజమే అయి ఉంటాయి.

"ఆ హాల్ల ఎల్ఈడీలున్నయా?"

"ఉన్నయి. నేను నూరుసార్లు కూసున్న ఆడ."

ఎన్నోసార్లు కూర్చున్న మాట వాస్తవం. నాంపల్లి స్టేషను నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. కానీ ఆ హాలు పైకప్పుకు ఏ లైట్లు ఉన్నాయో, వేదిక మీద పడే వెలుగు తెల్లదో పసుపుదో నాకు తెలియదు. కూర్చున్నంతసేపూ ఒళ్లో కెమెరా తెర చూసుకుంటూ ఉండేవాడిని.

"ఇంకో మాట," అన్నాను. "గింత చిన్నది పట్టుకుని ముందర నిలబడితే నిర్వాహకులు లేపేస్తరు. పెద్ద కెమెరా ఉంటే ఫొటోగ్రాఫర్ అనుకుని ఊకుంటరు."

ఇది మాత్రం పూర్తిగా నిజం. ఈ ఊళ్లో ఏ సభలోనైనా కెమెరా సైజే అనుమతి పత్రం. పొట్ట మీద బరువైన నల్లటి కెమెరా వేలాడుతుంటే పెళ్లికొడుకును కూడా పక్కకు జరపొచ్చు. మా స్టూలు చర్చల్లో ఫొటో ఎలా వచ్చిందన్నదాని కన్నా ముందు కెమెరా ఎంత పెద్దగా కనబడుతుందన్నది వచ్చేది.

అద్దాల బీరువాలో ఒక పాత పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. పెళ్లిళ్లు తీసే ఒకాయన వాడి వదిలేసినది. రబ్బరు జిగురు. అదే తీయించాను. యజమాని నా వైపు ఒకసారి చూసి, "సార్ చెప్పిండంటే గంతే," అన్నాడు. వినయంగా అన్నాడో ఎత్తిపొడిచాడో తెలియదు. ఆవిడ దాన్ని ఎత్తి చూసి, చేతికి అంటిన జిగురును కొంగుకు తుడుచుకుని, "మీకు తెలుస్తది గద అన్నా," అంది. ఒకే నొక్కుకు వరసగా చాలా ఫొటోలు పడేట్టు దాన్ని నేనే సెట్ చేసిచ్చాను. ఒకదాంట్లో కాకపోతే ఇంకోదాంట్లో ముఖం దొరుకుతుందని చెప్పాను.

ఆవిడ దాన్నే కొనుక్కుని వెళ్లాక యజమాని అడిగాడు. "చిన్నదే మంచిగుండె గద సార్?"

"ఆమెకేం తెలుస్తది," అన్నాను.

కొన్నాళ్లకు ఆవిడ ఫోన్ చేసింది. "అన్నా, గిది టకటక కొడుతుంది. పిల్లలు పాడంగ తీస్తుంటే నవ్వుతున్నరు. ఒక పిల్లయితే టీచర్ మిషిన్ కుడుతుందంటుంది."

"హాల్ల మైకుంటది గదమ్మా. ఎవరికీ వినపడదు."

"గురువుగారు ఆలాపన సన్నగ చేస్తడన్నా. మధ్యమధ్యల ఊకుంటడు."

"ఫికర్ చెయ్యకున్రి."

ఇంకా సమయం ఉంది. తీసుకురమ్మంటే యజమాని ఆనందంగా మార్చి ఇచ్చేవాడు. ఆలాపనలో పలుకుకూ పలుకుకూ మధ్య ఎంత నిశ్శబ్దం ఉంటుందో, అక్కడ తంబురా తప్ప ఇంకేమీ వినబడదని, పాట తెలిసినవాడినని చెప్పుకునే నాకు తెలియదా? తెలుసు. మార్చుకోమంటే ముందు చెప్పింది తప్పని ఒప్పుకోవాలి. అందుకని ఫికర్ చెయ్యొద్దన్నాను.

కచేరీ ఆదివారం సాయంత్రం జరిగింది. హాలు గేటుకు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద గురువుగారు శాలువాలో ఉన్నాడు, భుజం మీద ఎవరివో కత్తిరించగా మిగిలిన వేళ్లు. లోపల సమోసాల నూనె వాసన, కాగితపు ప్లేట్లు, ఎత్తిన ఫోన్లు. ప్రసంగాలు ఎంతకూ తెమలలేదు. ఒకాయన గురువుగారి గురించి చెప్పడానికి లేచి, తన తమ్ముడు కట్టిస్తున్న అపార్ట్‌మెంట్ గురించి చెప్పి కూర్చున్నాడు. ఆపైన సన్మానం. ఫొటోగ్రాఫర్లు వేదిక ఎక్కి మాకు వీపులు పెట్టి నిలబడ్డారు. చెమటకు చొక్కాలు వీపులకు అతుక్కుని ఉన్నాయి. వాళ్ల ప్యాంట్ల మధ్య నుంచి గురువుగారి చెప్పుల్లేని పాదాలు మాత్రం కనబడ్డాయి. "సార్, ఇటు. సార్, ఇంకొక్కటి." శాలువా ఒకసారి కప్పి, తీసి, ఇంకొకరి కోసం మళ్లీ కప్పారు. నేను వీళ్లలాంటివాడిని కానని మనసులో అనుకున్నాను. ఒళ్లో నా కొత్త కెమెరా చల్లగా, చప్పుడు లేకుండా ఉంది.

వాళ్లు వెళ్లిపోయారు. గురువుగారు ఫ్లాస్కులోంచి వేడినీళ్లు తాగి, శాలువా మడిచి పక్కన పెట్టి, కళ్లు మూసుకున్నాడు. ఎడమవైపు స్తంభం పక్కన ఆవిడ నిలబడి ఉంది. ఒక నిర్వాహకుడు ఆవిడ దాకా వచ్చి, మెడలోని పెద్ద కెమెరా చూసి, తల ఊపి పోయాడు. చూశావా, నేను చెప్పలేదా అని లోపల మురిసిపోయాను.

ఆలాపన మొదలైంది. గొంతు సన్నగా ఉంది, అంచుల్లో అరిగింది. ఆయన ఒక స్వరం మీద నిలబడి, దాన్ని వదిలి, ఊరుకున్నాడు. తంబురా మోగుతోంది. ఆయన చెయ్యి మెల్లగా లేచింది. సరిగ్గా అక్కడే ఆవిడ నొక్కింది.

టకటకటకటక మని హాలంతా మోగింది. మైకు ఆ చప్పుడును కూడా అందుకుంది. వరసలన్నీ స్తంభం వైపు తిరిగాయి. ఎవరో "ఛీ" అన్నారు. గురువుగారు కళ్లు తెరిచి, అటు చూసి, నవ్వాడు.

"నువ్వా తల్లీ. తీసుకో, తీసుకో."

అంటూ ఆయన పాట ఆపేశాడు. పక్కన మడిచి పెట్టిన శాలువా అందుకుని, విప్పి, తానే భుజాల చుట్టూ కప్పుకున్నాడు. వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆవిడ ఫోన్లో నేను చూసిన ఆ ముఖమే మళ్లీ పెట్టుకుని కెమెరా వైపు చూస్తూ కూర్చున్నాడు. ఫొటో అంటే ఆయనకు తెలిసింది అదే. హాల్లో కొందరు నవ్వారు. మృదంగం ఆయన కూడా నవ్వాడు.

ఆవిడ ఇంకోసారి నొక్కలేదు. కెమెరాను సంచిలో పెట్టింది. సంచి జిప్పు వేసిన చప్పుడు కూడా వినబడింది. స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చుని తల వంచుకుంది. గురువుగారు శాలువా తీసి పక్కన పెట్టి మళ్లీ పాట అందుకున్నాడు. ఆవిడ మాత్రం కచేరీ అయ్యేదాకా తల ఎత్తలేదు. ఫొటో దక్కలేదు సరే, గురువు పాడుతుంటే చూసే భాగ్యం కూడా ఆవిడకు పోయింది.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి. ఫొటోలు తీశాను. కొత్త కెమెరా చీకట్లో ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలని చీకట్లో కెమెరా చూపు పెంచే ఐఎస్‌ఓ ఒక్కో మెట్టు పెంచుకుంటూ, లెన్సు ఒక్కో మెట్టు తెరుచుకుంటూ, మూలన మెరిసే అంకెలు చూసుకుంటూ తీశాను. చప్పుడు రాలేదు. ఎవరూ నా వైపు తిరగలేదు. ఆయన ఆ సాయంత్రం చివర్లో పాడింది విని జనం కళ్లు తుడుచుకున్నారని తర్వాత విన్నాను. ఆయన ఏం పాడాడో, ఏ రాగమో నాకు గుర్తులేదు. మరచిపోవడం కాదు. నేను వినలేదు.

బయట గేటు దగ్గర ఆవిడ నన్ను ఆపింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"అన్నా, నేను కొట్టినయి అన్నీ కదిలిపోయినయి. మీరు తీసిన్రు గదా. ఒక్కటి నాకియ్యున్రి."

"తప్పకుండ."

"మీదెందుకు చప్పుడు చేస్తలేదు?"

"అది వేరే రకం అమ్మా."

"చారలు పడలేదా?"

"చూడాలె," అన్నాను. ఆవిడ తలెత్తి హాలు తలుపులోంచి లోపలికి చూసింది. వేదిక మీద ఇంకా వెలుగుతున్న దీపాలు పాతకాలపు పసుపు బల్బులు. ఆవిడ సంచి భుజాన సర్దుకుని నడిచింది.

మర్నాడు పొద్దున బ్యాంకుకు వెళ్లే ముందు ఫొటోలు కంప్యూటర్లో వేసి, పెద్దవి చేసి చూశాను. మొదట నాకు కలిగింది ఆనందం. అంత చీకట్లోనూ ఎంత శుభ్రంగా వచ్చాయి. చారలు లేవు, మచ్చలు లేవు. ఆ ఆనందంలో కాసేపు గడిచాక, ఆవిడకు ఒకటి పంపాలని ముఖం కోసం వెతికాను. ముఖం లేదు. ఆయన ముందున్న మైకు దగ్గరగా ఉంది కాబట్టి కెమెరా దాన్నే పట్టుకుంది. ప్రతి ఫొటోలోనూ మైకు జాలీ కన్నం కన్నం లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది, వెనక గురువుగారు పొగలా ఉన్నాడు. కొన్నింట్లో ఆయన వెనక బ్యానరు మీది అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. అన్నీ చూశాను. తీస్తున్నప్పుడు ఒక్కసారి ఆయన ముఖం వైపు చూసి ఉంటే తెలిసేది. నేను అంకెలు చూశాను.

ఆవిడకు ఫోన్ చేసి ఫొటోలున్న మెమరీ కార్డు పాడైందని చెప్పాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందంటే, చెబుతూ చెబుతూ నా గొంతులో దిగులు కూడా పలికించాను.

"అయ్యో," అంది ఆవిడ. "అన్నీ పోయినయా? మీకెంత బాధైతుందో."

నన్ను ఓదార్చింది. నేను ఓదార్పించుకున్నాను. ఇన్నేళ్లలో నా మీద నాకు కలిగిన అసహ్యాలన్నింటిలోకీ నోట్లోంచి ఇంకా వదలని రుచి ఇదే.

అబద్ధం అక్కడ ఆగలేదు. రెండు రోజుల తర్వాత ఆవిడే ఫోన్ చేసింది. "నాంపల్లిల పాడైన కార్డులకెల్లి ఫొటోలు తీసెటోడు ఉన్నడంటన్నా. మా స్కూల్ల చెప్పిన్రు. కార్డు తీస్కొని మెట్రో మెట్ల కాడికి రాన్రి, ఇద్దరం పోదాం." రానని చెప్పడానికి నాకు కారణం దొరకలేదు. జేబులో పాడవని కార్డు పెట్టుకుని వెళ్లాను. మెట్ల కింద ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది, ఏదో శుభకార్యానికి వచ్చినట్టు. ఇంకో అడుగు వేస్తే ఆ కొట్టువాడి ముందు ఇంకో అబద్ధం చెప్పాలి. అక్కడే ఆగిపోయాను. మంచితనంతో ఒప్పుకున్నానని చెప్పలేను. ఇంకేమీ మిగలక ఒప్పుకున్నాను.

"కార్డు మంచిగనే ఉందమ్మా. ఫొటోలే మంచిగ లేవు."

అంతా చెప్పాను. మైకు గురించి, అంకెల గురించి. ఆటోవాళ్లు మా పక్కనే "కోఠీ, కోఠీ" అని అరుస్తున్నారు.

"ఎల్ఈడీలున్నయని ఎవరు చెప్పిన్రు మీకు?"

"ఎవరూ చెప్పలే."

"నూరుసార్లు కూసున్ననంటిరి గదా."

"కూసున్న. మీదికి చూడలే."

"మరి ఆ చిన్న కెమెరా ఎందుకొద్దన్నరు?"

అదీ చెప్పాను. నాది ఖరీదైనదని, ఆవిడ తక్కువలో మంచి ఫొటో తీస్తే నాకు నచ్చదని. వినేటప్పుడు అది ఎంత చిన్న విషయంగా ఉందో నాకే తెలిసింది. ఆవిడ నా ముఖంలోకి చూసింది. కోపం ఉంటే బాగుండేది. వీధిలో కాలికి ఏదో అంటితే కిందికి చూసినట్టు చూసింది.

"గింతేనా?" అంది. "గింత దానికా?"

ఆవిడ చెయ్యి చాచింది.

"మైకు ఫొటోలే ఇయ్యున్రి. అన్నీ ఇయ్యున్రి. మీరు ఏరకున్రి, నేను చూసుకుంట."

కార్డు ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని రుమాలులో చుట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ పెద్ద కెమెరాను ఆవిడే షాపుకు తీసుకెళ్లి చిన్నదానితో మార్చుకుందని యజమాని చెప్పాడు. "మీరు ఆ రోజు లేకుంటిరి, జల్దీ అయిపోయింది సార్," అన్నాడు. ఈసారి ఎత్తిపొడుపేనని తెలిసింది. ఆ తర్వాత నేను ఆ స్టూలు మీద కూర్చోలేదు.

గురువుగారు మళ్లీ కచేరీ చేయలేదు. గొంతు ఇప్పుడు మాటకు సరిపోతుంది, పాటకు చాలదు.

కొన్ని నెలలకు ఆవిడ ఫోన్ చేసి కాచిగూడకు రమ్మంది. కార్డు తిరిగి తీసుకుపొమ్మంది, గురువుగారు కూడా వస్తున్నారంది. కిరాయి ఇల్లు. పిల్లలు పాట నేర్చుకునే ముందుగదిలో, తంబురా పైన, ఒక ఫొటో కట్టించి పెట్టింది. నేను తీసిందే. నేనైతే పనికిరానిదని చెరిపేసేవాడిని. మైకు వెనక మసకగా ఒక మనిషి, నోరు తెరిచి ఉంది, తల ఒక పక్కకు వాలి ఉంది, చెయ్యి గాలిలో లేచి ఉంది. భుజాల మీద శాలువా లేదు.

గురువుగారు అద్దాలు సర్దుకుని దగ్గరగా వెళ్లి చూశాడు. గొంతు గీసుకుపోయినట్టుంది. "ఎవరమ్మా ఇది?"

"చూడున్రి గురువుగారూ."

ఆయన చాలాసేపు చూశాడు. మెల్లగా తన కుడిచెయ్యి ఎత్తి, ఫొటోలోని చెయ్యి ఎలా ఉందో అలా పెట్టుకుని చూసుకున్నాడు. "చెయ్యి నాదే," అన్నాడు. ఫొటో వైపు ఇంకాస్త వంగి, "నోరు ఇంత తెరుస్తానా నేను?" అన్నాడు. ఆవిడ నవ్వింది.

"ముఖం తెలుస్తలేదు గదమ్మా," అన్నాను. క్షమాపణలా చెబుదామనుకున్నాను, అలా రాలేదు.

"తెలుస్తలేదు," అంది ఆవిడ నా వైపు తిరగకుండా. "ముఖం కావాలనే అడిగిన నేను. గిది దొరికింది. గిదే పెట్టుకున్న."

నన్ను సమాధానపరచడానికి అనలేదు ఆ మాట. నేను ఏం పోగొట్టానో నా ఎదుట చెప్పింది, అంతే. చాయ్ ఇచ్చింది, కార్డు ఇచ్చింది.

లేచేముందు ఆ ఫొటోను ఇంకోసారి చూద్దామనుకున్నాను. ఈసారైనా ఆయన్ని చూడాలని, ఆ తెరిచిన నోట్లోంచి ఏ స్వరం వస్తోందో ఊహించడానికైనా ప్రయత్నించాలని నిలబడ్డాను. గురువుగారు నా పక్కనే ఉన్నాడు, ఊపిరి గరగరమని వినబడుతోంది. తల ఎత్తాను. నా కళ్లు నేరుగా మైకు మీదికి పోయాయి. జాలీలో ఒక్కో కన్నం ఎంత చక్కగా వచ్చిందో అనుకున్నాను.